ఆకాశగంగ ఎంత దూరము?



తిరుమలనంబి కథ ఎరుగనివారు మీలో ఉండరు. ఆయన భగవద్రామానుజులకు మేనమామ. శ్రీమద్రామాయణ రహస్యార్థములను వారికి ఉపదేశించిన ఆచార్యుడు. ఇంతటి పండితుడైనను తిరుమల కొండపై ఆయన పేరు నిలిచినది పాండిత్యము వలన కాదు, ఒక నీటికుండ వలన. ప్రతిదినము పాపవినాశన తీర్థమునకు పోయి, కుండతో జలము తెచ్చి, స్వామివారి ఆరాధనమునకు సమర్పించుట ఆయన కైంకర్యము. వృద్ధుడైన నంబి ఒకనాడు కుండ మోసికొని వచ్చుచుండగా ఒక వేటగాడు ఎదురై, "తాతా, దప్పికగా ఉన్నది, కొంచెము నీరు పోయుము" అని అడిగెను. ఇది స్వామి తీర్థము, ఇచ్చుటకు వీలులేదని నంబి ముందుకు సాగెను. వేటగాడు వెనుక నుండి కుండకు చిల్లు చేసి నీరు త్రాగివేసెను. ఈ వయస్సులో మరల అంత దూరము పోయి వచ్చుట ఎట్లని నంబి కన్నీరు పెట్టుకొనగా, వేటగాడు కొండచరియపై బాణము వేసెను. అచ్చట జలధార ఉబికి వచ్చినది. అదియే ఆకాశగంగ అనియు, ఆ వేటగాడు స్వామియే అనియు పెద్దలు చెప్పుదురు.

ఈ కథను నేను ఎన్ని సభలలో చెప్పియుందునో లెక్కలేదు. "తాతా" అను పిలుపు దగ్గరకు వచ్చుసరికి ముందు వరుసలోని స్త్రీలు కన్నులు తుడుచుకొందురు. నాకును గొంతు పట్టును. అయితే ఇందులోని ఒక చిన్న సంగతి చాల కాలము నాకు తోచలేదు. సర్వసమర్థుడైన స్వామి ఆ బాణమును ఆనందనిలయము ముంగిటనే వేసి, అచ్చటనే ఊట పుట్టించియుండవచ్చును గదా! అట్లు చేయలేదు. ఆకాశగంగ నేటికిని ఆలయమునకు సుమారు మూడు కిలోమీటర్ల దూరముననే ఉన్నది. తాతపై జాలి తలచి దూరమును తగ్గించినాడు గాని, నడకను మాన్పించలేదు.

ఇది నాకు ఎప్పుడు తోచినదో, ఎందుకు తోచినదో చెప్పవలసియున్నది.

మూడేండ్ల క్రిందట ధనుర్మాసములో ఒక గ్రామమున తిరుప్పావై ఉపన్యాసములకు పోయియుంటిని. నాకు ఆతిథ్యమిచ్చిన పెద్దమనిషి రైతు, ఊరి ఆలయమునకు ధర్మకర్త, అరువదినాలుగేండ్లవాడు. పడుచుతనము నుండి ప్రతి సంవత్సరము తప్పక అలిపిరి మీదుగా కాలినడకను కొండకు పోయినవాడు. పదేండ్లుగా మాత్రము బస్సులో పోవుచున్నాడు. ఉదయము అరుగు ఎక్కి కూర్చున్నచో మధ్యాహ్నము భోజనమునకు లేచును. భోజనమైన పిదప మరల అరుగే. ఆయన ఇల్లాలు తీర్థము పుచ్చుకొన వచ్చినప్పుడు నాతో మొర పెట్టుకొన్నది. "మీరైనా చెప్పండి స్వామీ. షుగరు మూడువందలు దాటింది. రోజూ నడవమని డాక్టరుగారు చెప్పి రెండేళ్లయింది. గడప దాటరు. అరికాలికి పుండు పడి మానడానికి నాలుగు నెలలు పట్టింది."

పెద్దాయన ఏమాత్రము తొణకలేదు. "స్వామీ, అలిపిరి మెట్లు మూడువేల అయిదువందల యాభై. ముప్పయిసార్లు ఎక్కినవాణ్ణి. లక్ష మెట్లు దాటినాయి. అవన్నీ ఆయన లెక్కలో లేవా? ఇంకా ఈ చెరువుగట్టు మీద నడిచి నేను కొత్తగా సంపాదించేదేమిటి? శరణాగతి చేసినవాడికి దేహం సంగతి స్వామే చూసుకుంటాడు. తల్లి నోట కరుచుకొన్న పిల్లికూనకు కాళ్లతో పనేముంది?" అనెను.

నేను నవ్వి ఊరకుంటిని. సమాధానము తెలిసి నవ్వినవాడను కాను. మార్జాలకిశోర న్యాయమును ఆయనకు ఆ ముందునాడే సభలో చెప్పినది నేనే! పైగా ఆయన వ్యాధియే నాకును కలదు. ఇంటి నుండి సభకు కారులో పోవుట, మూడు గంటలు వేదికపై కూర్చుండుట, నైవేద్యమైన చక్కెరపొంగలి కాదనకుండుట, మరల కారులో ఇల్లు చేరుట: ఇదియే ఇరువదియేండ్లుగా నా దినచర్య. వైద్యుడు నాకును నడువుమనియే చెప్పియుండెను. ఆయనకు ఏ ముఖముతో బోధింతును?

ఆ సంవత్సరము వేసవిలో మా మేనల్లుడు వచ్చినాడు. వాడు ప్రజారోగ్యశాస్త్రము చదివిన వైద్యుడు. సంగతి విని, "మామయ్యా, మీ పెద్దాయన అడిగిన ప్రశ్నకు అమెరికాలో ఎప్పుడో జవాబు దొరికింది" అని మొదలుపెట్టి, రెండు రాత్రులు డాబా మీద కూర్చుండబెట్టి ఎన్నో విషయములు చెప్పెను. పాశ్చాత్యులు కనుగొన్నదెల్ల మన ఋషులు ముందే వ్రాసిపెట్టినారని చప్పట్లు కొట్టించుకొను అలవాటు కొందరు ఉపన్యాసకులకు కలదు. నాకు అది రుచింపదు. వారు పడిన శ్రమ వారిది. దానిని ఉన్నదున్నట్లు మీ ముందుంచెదను.

మొదటిది లండను నగరపు సంగతి. జెరెమీ మారిస్ అను వైద్యుడు, తరువాతి కాలమున లండను విశ్వవిద్యాలయములో ఆచార్యుడైనవాడు, రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప గుండెపోటు మరణములు ఎందుకు పెరుగుచున్నవో తెలిసికొనగోరెను. లండను బస్సులు రెండంతస్తులవి గదా! డ్రైవరు దినమంతయు కూర్చుండియే ఉండును. కండక్టరు టిక్కెట్లు ఇచ్చుటకై క్రిందికిని పైకిని మెట్లు ఎక్కుచు దిగుచుండును. దినమునకు అయిదువందలకు పైగా మెట్లు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు, ఇంచుమించు ఒకే జీతము. సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగులను పరిశీలించి, మారిస్ బృందము 1953లో ఫలితములు ప్రకటించినది. కండక్టర్లకు గుండెపోటు డ్రైవర్లకంటె తక్కువగా వచ్చినది. వచ్చినను అంత తీవ్రముగా రాలేదు.

వెంటనే మీకు ఒక సందేహము కలుగవలెను. స్థూలకాయులే కూర్చుండు పనిని ఎన్నుకొనిరేమో? సందేహము మారిస్‌కును కలిగినది. దానిని తీర్చుకొనుటకు ఆయన వెదకినది ఉద్యోగుల దుస్తుల కొలతలు! సంస్థవారు ఇచ్చు ప్యాంటుల నడుము కొలతలు చూడగా, డ్రైవర్ల నడుములు నిజముగనే పెద్దవి. అయితే నడుము కొలత సమానముగా ఉన్నవారిని విడదీసి పోల్చినను, లావైన కండక్టరుకు లావైన డ్రైవరు కంటె అపాయము తక్కువగనే కనబడినది. దర్జీవాని లెక్కలలో ప్రాణరహస్యము వెదకిన ఆ బుద్ధిని నేను మెచ్చుకొంటిని. ఆయన 2009లో, నూరేండ్లకు కొన్ని నెలలు తక్కువగా జీవించి, కాలధర్మము చెందెను.

ఇక పెద్దాయన ప్రశ్నకు సూటిగా తగులు సంగతి హార్వర్డు విశ్వవిద్యాలయమునది. 1636లో, ముఖ్యముగా క్రైస్తవ బోధకులను తయారుచేయవలెనను తలంపుతో స్థాపించిన ఆ విద్యాలయమువారు, తమ విద్యార్థుల దేహపరీక్షల వివరములను, ఎవరు ఏ ఆట ఆడిరో ఆ పట్టికలను భద్రముగా దాచియుంచిరి. రాల్ఫ్ పాఫెన్‌బర్గర్ అను శాస్త్రజ్ఞుడు ఆ పట్టికలను తీసి, 1916 మొదలు 1950 వరకు అచ్చట చేరిన పురుషులకు ఉత్తరములు వ్రాసెను. మీరు దినమునకు ఎంత దూరము నడచుచున్నారు? ఎన్ని మెట్లు ఎక్కుచున్నారు? ఏమి ఆటలు ఆడుచున్నారు? ఇవి ఆ ప్రశ్నలు. ముప్పదియైదు మొదలు డెబ్బదినాలుగేండ్ల వయస్సు గల 16,936 మంది వివరములను, 1962 నుండి 1978 వరకు వారిలో సంభవించిన 1,413 మరణములను కలిపి పరిశీలించి, 1986లో ఫలితములు ప్రకటించెను. వారమునకు రెండువేల క్యాలరీలకు పైగా నడకలోను, మెట్లెక్కుటలోను, ఆటలలోను వెచ్చించినవారి మరణముల రేటు, అంతకు తక్కువ వెచ్చించినవారి కంటె నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు తక్కువ. పొగత్రాగుట, రక్తపుపోటు, దేహభారము, తల్లిదండ్రుల అకాలమరణము, ఇవియన్నియు లెక్కలోనికి తీసికొని చూచినను తేడా నిలిచినది. మధ్యమశరీరునకు మైలు నడకలో సుమారు నూరు క్యాలరీలు ఖర్చగునందురు. అనగా దినమునకు మూడు మైళ్లకు కొంచెము తక్కువ. చెరువుగట్టు మీద రెండుమూడు మారులు పోయి వచ్చిన చాలును.

అయితే నన్ను తాకినది ఈ లెక్క కాదు. అదే పరిశోధనలో భాగముగా 1978లో వెలువడిన మరియొక విషయము. విద్యార్థిదశలో విశ్వవిద్యాలయము తరఫున ఆడి పతకములు గెలిచిన క్రీడాకారులు కొందరుండిరి. తరువాత ఉద్యోగములలో చేరి, కుర్చీలకు అతుక్కొని, ఆటపాటలు మానివేసినవారికి ఆ పూర్వపు క్రీడలు గుండెపోటునుండి ఏ రక్షణయు ఇయ్యలేదు. విద్యార్థిదశలో బంతి ముట్టనివాడు కూడ నడివయస్సులో నడక అలవరచుకొనినచో, ఆటలు మానిన ఆ వీరునికంటె క్షేమముగా ఉండెను.

మేనల్లుడు ఇది చెప్పినప్పుడు నాకు పెద్దాయన లక్ష మెట్లు కన్నులకు కట్టినవి.

ఇచ్చట ఒక మాట జాగ్రత్తగా చెప్పవలెను. ఆ లక్ష మెట్లు వృథాయని నేను చెప్పుట లేదు. భక్తితో ఎక్కిన ప్రతి మెట్టును స్వామి ఎరుగును; ఆ సుకృతము చెక్కుచెదరదు. అయితే అది ఆత్మ ఖాతాలోనిది. దేహమునకు అట్టి ఖాతా లేదు. నిన్న తిన్న అన్నము నేటి ఆకలి తీర్చదు; నిన్నటి స్నానము నేటి మురికిని పోగొట్టదు. అందుకే గదా స్వామికి సైతము నిత్యారాధనము! నిన్న సుప్రభాతము చదివితిమి గనుక నేడు అక్కరలేదని ఏ అర్చకుడైనను అనునా? పెద్దాయన ఈ రెండు ఖాతాలను కలిపివేసెను. ఆయనేమి, నేనును కలిపితిని. సభలలో గంటల తరబడి భగవత్కథ చెప్పుచున్నాను గదా, ఆ పుణ్యము నా రక్తములోని చక్కెరను తగ్గించునని లోలోపల ఎచ్చటనో నమ్మియుంటిని. సిగ్గుపడవలసిన సంగతియే గాని, దాచిపెట్టి ప్రయోజనమేమి?

ఆ పాఫెన్‌బర్గర్ కథ కూడ వినదగినది. తన లెక్కలకు తానే లోబడిన మనిషి ఆయన. గుండెజబ్బు వంశములో ఉన్నది. నలుబదియైదేండ్ల వరకు తానును కదలని ఉద్యోగియే. అప్పుడు పరుగు మొదలుపెట్టి, ఇరువదియారు మైళ్ల మారథాన్ పరుగులను నూటికి పైగా పూర్తిచేసెను. 1996లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు క్రీడాశాస్త్రమునకు మొదటిసారిగా ఏర్పరచిన బహుమానమును ఆయనకును మారిస్‌కును కలిపి ఇచ్చిరి. అంత పరుగెత్తినవానికిని చివరకు గుండెజబ్బు రాక మానలేదు. 2007లో ఎనుబదినాలుగవ యేట ఆయన గతించెను. అయినను ఆయన చేసిన లెక్కలు తప్పలేదు. కర్మమందే మనకు అధికారముగాని ఫలమునందు లేదని గీతాచార్యుడు ఉపదేశించినది ఇటువంటి చోటనే గదా మనకు అక్కరకు వచ్చునది.

సరే, నడచుట వలన మిగులు ఆయుర్దాయమెంత? ఆ హార్వర్డు లెక్కప్రకారమే ఎనుబదియేండ్ల వయస్సు వరకు చూచినచో ఒకటి మొదలు రెండేండ్లకు కొంచెము పైన. ఇంతేనా అని నాకు మొదట నిరుత్సాహము కలిగినది. మార్కండేయుని కథ విన్న చెవులకు రెండేండ్లు ఏపాటివి? మేనల్లుడు అనెను: "మామయ్యా, ఎన్నేళ్లు అనేది సగం ప్రశ్న. ఆ ఏళ్లలో గుడిమెట్లు మీ అంతట మీరు ఎక్కుతారా, ఇద్దరు మనుషులు మిమ్మల్ని మోయాలా అన్నది మిగతా సగం." వైష్ణవునకు ఈ రెండవ సగమే ముఖ్యము. మనము ఆయువు కోరునది భోగమునకు కాదు, కైంకర్యమునకు. పూలు కోయుటకు వ్రేళ్లు కావలెను. మాల కట్టుటకు కన్నులు కావలెను. తీర్థము తెచ్చుటకు కాళ్లు కావలెను. చక్కెరవ్యాధి మొదట దోచుకొనునవి కన్నులు, కాళ్లు, మూత్రపిండములు. భారతీయ వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటితమైన సర్వేలో, మన దేశమున ఈ వ్యాధిగ్రస్తులు పది కోట్లకు పైగా ఉన్నారని తేలినది. ఆ పది కోట్లలో ధర్మకర్తలెందరో, ఉపన్యాసకులెందరో!

నడక ఒక్కటియే చాలునా అని అడుగవచ్చును. చాలదు. కాలిఫోర్నియా రాష్ట్రములో అలమీడా అను జిల్లా కలదు. బర్క్లీ విశ్వవిద్యాలయము ఉన్నది ఆ జిల్లాలోనే. 1965లో అచ్చటి 6,928 మంది స్త్రీపురుషుల అలవాట్లను లెస్టర్ బ్రెస్లో మొదలగువారు వ్రాసికొని, ఏండ్ల తరబడి వారి యోగక్షేమములను గమనించిరి. ఏడెనిమిది గంటల నిద్ర, ఉదయాహారము మానకుండుట, నడుమ నడుమ చిరుతిండ్లు తినకుండుట, తగిన దేహభారము, వ్యాయామము, పొగత్రాగకుండుట, మద్యము మానుట లేదా మితము పాటించుట: ఇవి వారు ఎంచిన ఏడు. వీటిలో ఆరైనను పాటించు నలుబదియైదేండ్ల పురుషునకు, మూడింటికి మించి పాటింపనివానికంటె పదకొండేండ్ల ఆయుర్దాయము ఎక్కువని వారి లెక్క. ఉదయాహారము విషయములో వారి మాట మన ఏకాదశి వ్రతమునకు విరుద్ధముగా తోచవచ్చును. పక్షమునకు ఒకనాటి ఉపవాసము వేరు. దినదినము వేళ తప్పి తినుట వేరు. చక్కెరవ్యాధికి మందు పుచ్చుకొనువారు మాత్రము వైద్యుని అడుగక ఉపవాసమునకు పూనుకొనరాదు. ఏకాదశినాడు పొట్టనిండ సాబుదానా వడలు తినువారి సంగతి నేను ఎత్తను.

ఆ అలమీడా ప్రజల విషయమున 1979లో వెలువడిన మరియొక పరిశోధన మన ఆలయములకు మరింత దగ్గరది. బర్క్మన్, సైమ్ అను ఇద్దరు బర్క్లీ పరిశోధకులు, తొమ్మిదేండ్ల కాలములో ఎవరు ఎక్కువగా మరణించిరో చూచిరి. దాంపత్యము, బంధుమిత్రులు, ప్రార్థనామందిరము, సంఘములు అను నాలుగు బంధములు తక్కువగా ఉన్నవారి మరణములు, అవి పుష్కలముగా ఉన్నవారి కంటె రెండింతలకు మించియుండెను. ఆరోగ్యపు అలవాట్లను లెక్కించి తీసివేసినను ఈ తేడా పూర్తిగా పోలేదు. ఏకాంతములో కుళ్లుచున్న వృద్ధుని చేయిపట్టి సాయంకాలము గోష్ఠికి తీసికొనివచ్చు పొరుగువాడు ఎంతటి వైద్యము చేయుచున్నాడో చూడుడు.

ఇల్లాండ్రు, ముత్తైదువలు, పెద్దమ్మలు ఈ లెక్కలన్నియు మగవారివే గదా అనవచ్చును. హార్వర్డు పూర్వవిద్యార్థుల పట్టిక విషయములో వారి మాట నిజమే. అందు అందరును పురుషులే. ఆ లోటును తరువాతివారు కొంత తీర్చిరి. పాఫెన్‌బర్గర్‌తో కలిసి పనిచేసిన ఐ-మిన్ లీ అను హార్వర్డు ఆచార్యురాలు 2019లో 16,741 మంది వృద్ధస్త్రీల అడుగులను లెక్కించి ఫలితములు ప్రకటించెను. వారి సగటు వయస్సు డెబ్బదిరెండు. దినమునకు సుమారు 2,700 అడుగులు వేయువారి కంటె 4,400 అడుగులు వేయువారిలో మరణములు నూటికి నలుబదియొక్క వంతులు తక్కువ. అడుగులు పెరిగినకొలది మేలు పెరిగి, 7,500 దగ్గర ఆగినది. పదివేల అడుగులు వేసి తీరవలెనని ఇప్పుడు ఎల్లరును చెప్పు మాట ఏ శాస్త్రములోనిదియు కాదు. 1965లో జపానులో అమ్మిన అడుగులు లెక్కించు యంత్రమునకు పెట్టిన పేరునుండి అది పుట్టినది! కావున సంఖ్యను చూచి జడిసి కూర్చుండవలదు. బావి దగ్గరకు, తులసికోట చుట్టు, గుడి ప్రదక్షిణములో వేసిన అడుగులును అడుగులే.

మరుసటి ధనుర్మాసమున ఆ గ్రామమునకు మరల పోయితిని. అప్పటికి ఎనిమిది నెలలుగా నేను నడచుచుంటిని. మొదటి వారము మా వీధి చివరకే ఆయాసము; తరువాత దేవాలయపు కోనేరు చుట్టు రెండు ప్రదక్షిణములు, తరువాత అయిదు. పెద్దాయన అరుగు మీద నన్ను చూచి, "స్వామి చిక్కినారే!" అనెను. ఆనాడు ఆయనతో లెక్కలన్నియు చెప్పితిని. క్రీడాకారుల సంగతి విని కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "మరి పిల్లికూన?" అని అడిగెను.

"అయ్యా, తల్లి నోట కరచుకొన్నంతసేపు కూన కదలదు, నిజమే. మోక్షము విషయములో మన స్థితి అదియే. అందు మన ప్రయత్నమేమియు లేదు. కాని తల్లి క్రిందకు దించిన తరువాత కూన ఏమి చేయునో మీ గాదె క్రింద చూడలేదా? క్షణము ఊరకుండదు. ఇప్పుడు మనము దించబడియున్నాము" అంటిని. భగవద్రామానుజుల కంటె ప్రపన్నుడెవరు? ఒక్క రహస్యార్థము కొరకు శ్రీరంగమునుండి తిరుక్కోట్టియూరుకు పదునెనిమిది పర్యాయములు కాలినడకను పోయిరి. పోయిన ప్రతిసారియు గోష్ఠీపూర్ణులు తరువాత రమ్మని పంపిరి. వార్ధక్యములో సైతము కావేరీస్నానము మానలేదు. పోవునప్పుడు దాశరథి భుజము, వచ్చునప్పుడు ధనుర్దాసుని భుజము ఊతగా పట్టుకొని నడచిరి. స్నానమునకు నీరు మఠమునకే తెప్పించుకొనుటకు శిష్యులు లేకనా! యోగము మితముగా తినువానికి, మితముగా విహరించువానికి, మితముగా నిద్రించువానికే దుఃఖమును పోగొట్టునని గీత ఆరవ అధ్యాయమున భగవానుడు చెప్పెను. అచ్చటి విహారమనగా నడకయేనని శంకరభగవత్పాదులు భాష్యములో అర్థము చెప్పిరి. తినుట తగ్గించుమనుటకు మనము ఆ శ్లోకమును చూపుదుము గాని, నడువుమనుటకు చూపుట అరుదు.

ఆయన కన్నులలో పాత ఉత్సాహము కనబడెను. "అయితే స్వామీ, ఈ వైకుంఠ ఏకాదశికే అలిపిరి నుంచి ఎక్కుతాను" అనెను. నాకు భయము వేసినది. పదేండ్లు కూర్చున్న దేహమును ఒక్కనాడు 3,550 మెట్ల మీదకు తోలుట భక్తి కాదు. అరువదియేండ్లు దాటినవారు, గుండెజబ్బు, రక్తపుపోటు, చక్కెరవ్యాధి గలవారు కాలినడకను కొండ ఎక్కవద్దని దేవస్థానమువారే 2024లో సూచించియున్నారు. ముందు వైద్యునికి చూపించి, పాదములకు సరిపడు చెప్పులు కొని, ఊరిలోనే మొదలుపెట్టవలెనని బ్రతిమాలితిని. "ఊళ్లో ఎక్కడికి నడవను? పని లేకుండా చెరువుగట్టు మీద తిరిగితే చూసినవాళ్లు నవ్వరూ?" అని ఆయన గొణిగెను. నవ్వవలసిన మాట కాదు అది. ప్రయోజనము లేని నడక మన పల్లెవాసులకు నిజముగనే ఎబ్బెట్టు.

అప్పుడే నాకు తిరుమలనంబి జ్ఞప్తికి వచ్చెను. ఆ గ్రామాలయములో తిరుమంజనమునకు పూర్వము ఊరిబయటి కోనేటినుండి బిందెతో నీరు తెచ్చెడివారట. తాను ధర్మకర్తయైన పిదప, అర్చకుల శ్రమ తగ్గవలెనని పెద్దాయనయే మోటారు పెట్టించి ఆలయములోనికి కుళాయి వేయించెను. ఆ సాయంకాలము గోష్ఠిలో నేను నంబి కథ చెప్పితిని. ఆకాశగంగ ఎంత దూరమున్నదో కూడ చెప్పితిని. ఆయన పేరు ఎత్తలేదు.

మొన్నటి ధనుర్మాసములో మూడవసారి పోయితిని. తెల్లవారుజామున సుప్రభాతమునకు నేను ఆలయము చేరునప్పటికి, పెద్దాయన చిన్న ఇత్తడిబిందె భుజమున పెట్టుకొని మంచులో వచ్చుచుండెను. వెనుక మనుమడు టార్చిలైటు పట్టుకొని నడచుచుండెను. కోనేరు అచ్చటికి కిలోమీటరు దూరము లేదు. నన్ను చూచి బిందె దింపక, "స్వామీ, కుళాయి నీళ్లు వంటశాలకే. ఆయన స్నానానికి ఇవి" అనెను. ఇల్లాలు గుమ్మమున ముగ్గు వేయుచు, షుగరు ఎంతకు దిగినదో నాకు చెప్పబోగా, ఆయన చేతితో వారించి, అర్చకస్వామి గిన్నె పట్టుకొని వచ్చువరకు బిందెతో గర్భాలయము ముందర నిలుచుండెను.